నేను కూర్చుంటేనే ఆగే కంప్యూటర్

నాకు ముక్కు మీద కోపం. ఇంట్లో అందరూ ఈ మాటే అంటారు, నేనూ కాదనను. కానీ మూడు వారాల పాటు ఒక యంత్రం రోజూ మన కళ్ళ ముందు చచ్చి ఊరుకుంటే, ఆ నేరం కూడా మన నెత్తినే రుద్దుతుంటే, కోపం రాని మనిషెవరో నాకు చూపించండి. వెళ్ళి దణ్ణం పెట్టుకుంటాను.

మాది చిన్న ప్రింటింగ్ ప్రెస్. రెండే గదులు. ముందు గదిలో నేను కంప్యూటర్ మీద పేజీలు కంపోజ్ చేస్తాను. గోడకు అవతల పెద్ద గదిలో మా ఆయన అచ్చు మిషన్ నడుపుతారు. ఆయన అన్నయ్య, అంటే మా బావగారు, కాగితాల దొంతరలు కోసే కటింగ్ మిషన్ చూసుకుంటారు. బావగారి భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, బల్ల దగ్గర అచ్చయిన పేజీల ఫారాలు మడిచి కుడుతుంది. పెళ్ళయిన కొత్తలో నన్నూ ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టారు. ఆరేళ్ళు మడిచాను. ఆ తర్వాత నా అంతట నేనే కంపోజింగ్ నేర్చుకుని ముందు గదిలో కుర్చీ సంపాదించుకున్నాను. పదకొండేళ్ళుగా అది నా కుర్చీ.

మూడు వారాల కిందట ఒక లెక్కల మాస్టారి పుస్తకం చేస్తున్నాను. భిన్నాల అధ్యాయం. పైన ఒక అంకె, మధ్యన గీత, కింద ఇంకో అంకె. ఒక్కో లెక్క కూర్చేసరికి ప్రాణం విసిగిపోతుంది. ఇరవై మూడో లెక్క దగ్గర కంప్యూటర్ టప్పున ఆగిపోయింది. లైటు వెలుగుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. ఆగింది కంప్యూటర్ ఒక్కటే.

నా కేక విని బావగారు వచ్చారు. "సేవ్ చేసుకోలేదా అమ్మాయ్?"

"రెండు లెక్కలకోసారి చేస్తూనే ఉన్నా బావగారూ. సేవ్ అవుతుండగానే పోయింది. ఇప్పుడు మొత్తం ఫైలే తెరుచుకోవట్లేదు."

"ఏదో నొక్కేసుంటావ్‌లే."

ఏదో నొక్కేశానట! పదకొండేళ్ళుగా నొక్కుతూనే ఉన్నాను, అందుకేగా ప్రెస్‌లో పని నడుస్తోంది! ఆ మాట గొంతు దాకా వచ్చింది. మింగేసి అధ్యాయం మొదటి నుంచి మళ్ళీ కొట్టాను.

మర్నాడు మూడుసార్లు ఆగింది. మెకానిక్‌ని పిలిపించాం. అక్కా నేనూ ఆయనకు ఊదుడు డాక్టరని పేరు పెట్టుకున్నాం. రోగం ఏదైనా సరే, ముందు మూత విప్పి లోపల ఉఫ్‌మని ఊదుతారు. ఊదారు. లోపలి పవర్ సప్లై పెట్టె మార్చారు. "ఇక చూసుకోండమ్మా, గుర్రంలా పరిగెడుతుంది" అని వెళ్ళిపోయారు. మర్నాడు పదకొండింటికి గుర్రం కూలబడింది. మళ్ళీ వచ్చి మెమరీ ముక్క ఊడదీసి, రబ్బరుతో రుద్ది, బిగించి, ఇంకోసారి ఊదారు. మధ్యాహ్నం లోపే ఆగింది. మూడోసారి వచ్చి బుర్ర గోక్కుంటూ, "నా దగ్గర ఇంక మందు లేదమ్మా" అనేశారు.

ఆయన వదిలేస్తే నేనూ వదిలేస్తానా? వైరు మార్చాను. ప్లగ్గు పక్క రంధ్రాల్లోకి మార్చాను. ప్రింటర్ పీకేసి చూశాను, స్కానర్ పీకేసి చూశాను. వేడెక్కి ఆగుతోందేమోనని పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను తిప్పి పెట్టాను. ఆన్ చేసే బొత్తాం ఇరుక్కుందేమోనని గోటితో గుచ్చి చూశాను. ఊహూఁ. రోజుకు రెండుసార్లో మూడుసార్లో, దానికి బుద్ధి పుట్టినప్పుడు, టప్.

అప్పుడు బావగారు పరీక్షకు దిగారు. ఒక పొద్దున వచ్చి నా కుర్చీలో గంటన్నర కూర్చున్నారు. ఒక ఉత్తరం కొట్టారు. పేకాట ఆడుకున్నారు. కంప్యూటర్ కిమ్మనలేదు. ఆ తర్వాత తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. మా ఆయన మిషన్ ఆపి వచ్చి, ఒక వేలితో అరగంట ఏదో పొడిచారు. అప్పుడూ ఆగలేదు. ఆయన లేచాక నేను కూర్చున్నాను. ఇరవై నిమిషాలకు ఆగింది.

"చూశావా? మేం కూర్చుంటే బంగారంలా పనిచేసింది" అన్నారు బావగారు. "నీ హస్తవాసి బాగోలేదమ్మాయ్."

ఒళ్ళు మండిపోయింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేసి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కీబోర్డు మీద వేలు వేయకుండా కూర్చున్నాను. అయినా ఆగింది. పరిగెత్తుకెళ్ళి చెప్పాను. "చేతులు పెట్టకపోతేనేం, కూర్చున్నావుగా" అన్నారు. అక్కను బతిమాలి కూర్చోబెట్టాను. ఆమె దగ్గరా ఆగింది. "ఇద్దరూ ఆడవాళ్ళేగా" అన్నారు. ఇలాంటి మనిషితో వాదించడం కన్నా గోడకు తల బాదుకోవడం నయం. కనీసం గోడ జవాబు చెప్పదు.

ఆ సాయంత్రం అందరూ చేతులు కడుక్కుంటుంటే ప్రకటించారు. "ఒకటో తారీఖు నుంచి కొత్త ఆపరేటర్ వస్తాడు. మాట్లాడేశాను. అమ్మాయ్, నువ్వు అక్కతో పాటు మడతల బల్ల చూసుకో."

నేను మా ఆయన వంక చూశాను. ఆయన గోళ్ళలో ఇంకు గీక్కుంటున్నారు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంటికొచ్చాక అడిగితే, "అన్నయ్య చెప్పాడుగా, కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు.

"ఏం చూస్తారు? నేను కాగితాలు మడుస్తుంటే చూస్తారా? ఆరేళ్ళు చూశారుగా, చాల్లేదా?"

ఆయన అటు తిరిగి పడుకున్నారు. నాకు ఏడుపొచ్చింది. మడతల బల్ల నాకేం నామోషీ కాదు, అక్క ఇరవై ఏళ్ళుగా ఆ పని మీదే ఉంది. కానీ నేను నేర్చుకున్న పని నాకు రాదని నలుగురిలో తేల్చి, పక్కకు జరగమంటే ఎలా జరుగుతాను? జరగను. ఒకటో తారీఖుకు ఇంకా నాలుగు రోజులున్నాయి.

పాత క్యాలెండర్ కాగితం చింపి, వెనక వైపు రాయడం మొదలుపెట్టాను. కంప్యూటర్ ఎన్నింటికి ఆగింది, అప్పుడు నేనేం చేస్తున్నాను, ఏమేం వెలుగుతున్నాయి. మొదటి రోజు మూడుసార్లు ఆగింది. రెండో రోజు ఉదయం పదింటి నుంచి రెండింటి దాకా ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగు గంటలు కదలకుండా నేనే కూర్చున్నాను, నా హస్తవాసితోనే భిన్నాలన్నీ కొట్టాను. రెండున్నరకు టప్.

ఆ కాగితం వంక చూస్తూ ఉండిపోయాను. పదింటికి ఏం జరిగింది? బావగారు పుస్తకాల కట్టలు ఇచ్చి రావడానికి బయటికి వెళ్ళారు. రెండు దాటాక వచ్చారు.

ఓరి నాయనో! ఇది నేను కూర్చుంటే ఆగడం కాదు, ఆయన ఉంటే ఆగుతోంది!

ఆయన ఉంటే ప్రెస్‌లో ఏం నడుస్తుంది? కటింగ్ మిషన్. ఆయన తప్ప దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఎప్పుడో ఒక పనివాడి వేలికొస తెగింది. అప్పటి నుంచి దాని తాళంచెవి ఆయన చొక్కా జేబులోనే ఉంటుంది. ఇదివరకు ఆ మిషన్ అవతలి మూల ఉండేది. కప్పు కారుతోందని ఈ మధ్యే, మూడు వారాల కిందట, నా గది గోడకు ఆనించారు. "ఎలక్ట్రీషియన్ ఎందుకు, నేను లేనా" అంటూ గోడకు చిల్లు కొట్టి, నా కంప్యూటర్ లైన్‌లోంచే దానికి వైరు లాగారు. స్వయంగా బావగారే. ఊరికే తిరిగితే మోటారు అరుగుతుందని దొంతరలు పోగయ్యాకే, రోజుకు రెండు మూడుసార్లు వేస్తారు కూడా. ఇక ఆయన నా కుర్చీలో కూర్చున్నప్పుడు కటింగ్ మిషన్ ఎవరు వేస్తారు? ఎవరూ వేయరు! కంప్యూటర్ బంగారంలా పనిచేయక ఏం చేస్తుంది?

బావగారిని పక్కకు పిలిచి మెల్లగా చెప్పి ఉండొచ్చు. అక్క కూడా అదే అంది. నేను వినలేదు. ఆయన నన్ను అన్నది పక్కకు పిలిచి కాదు.

మర్నాడు పెద్ద గది మధ్యలో నిలబడ్డాను. "బావగారూ, వెళ్ళి నా కుర్చీలో కూర్చోండి. మీకు ఇష్టమైంది కొట్టుకోండి. తాళంచెవి ఇలా ఇవ్వండి."

"మతి పోయిందా? వేళ్ళు తెగుతాయి."

"కత్తి జోలికి వెళ్ళను. మోటారు వేసి ఆపుతాను, అంతే. నా హస్తవాసి బాగోలేదన్నారుగా? అది మీ మిషన్ మీద ఎలా పనిచేస్తుందో చూద్దాం. కంప్యూటర్ ఆగకపోతే ఈ క్షణం నుంచే మడతల బల్ల దగ్గర కూర్చుంటా. మళ్ళీ ఆ గదిలో అడుగు పెట్టను."

అక్క నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. బావగారు నన్ను ఎగాదిగా చూసి, తాళంచెవి నా చేతిలో పడేసి ముందు గదిలోకి వెళ్ళారు. రెండు గదుల మధ్య తలుపు బార్లా తీసి పెట్టాను. ఆయన కొడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

పచ్చ బొత్తాం నొక్కాను. కటింగ్ మిషన్ మోటారు గుర్రుమంది.

"ఏం కాలేదే!" అన్నారు బావగారు లోపలి నుంచి.

ఆపి మళ్ళీ వేశాను. ఏమీ కాలేదు. ఇంకోసారి వేశాను. ఏమీ కాలేదు. ఆయన నవ్వు వినపడింది.  ఏం మాటలన్నాను, ఎందుకన్నాను! మడతల బల్ల మీద నాకోసం ఫారాలు సిద్ధంగా ఉన్నట్టే కనిపించాయి.

అప్పుడు గమనించాను. గదిలో చప్పుడు తక్కువగా ఉంది. మా ఆయన అచ్చు మిషన్ ఆపేసి, చేతులు కట్టుకుని తమాషా చూస్తున్నారు. రోజూ నేను పనిచేసేటప్పుడు అది తిరుగుతూనే ఉంటుంది. ఆయన నా కుర్చీలో కూర్చున్న రోజు కూడా అది ఆగే ఉంది. అదీ ఆ లైన్ మీదే నడుస్తుంది; రెండు మోటార్లూ కలిస్తేనే లైన్ తట్టుకోలేక, కరెంటు ఒక్క క్షణం కుంగి కంప్యూటర్ ఆగుతోంది.

"ఏవండీ, మిషన్ వెయ్యండి."

ఆయన కదలలేదు. తలుపులోంచి అన్నయ్య వైపు చూశారు.

"ఎందుకురా? ఆట అయిపోయిందిగా, వదిలేయ్" అన్నారు బావగారు.

"మిషన్ వెయ్యండి" అన్నాను మళ్ళీ.  

మా ఆయన నా వైపు చూశారు. "వేస్తున్నా అన్నయ్యా" అని గట్టిగా చెప్పి, వెళ్ళి స్విచ్ వేశారు. పెళ్ళయిన పదిహేడేళ్ళలో వాళ్ళన్నయ్య వద్దన్న పని ఆయన చేయడం అదే మొదటిసారి.

అచ్చు మిషన్ ఊపందుకునే దాకా ఆగి, పచ్చ బొత్తాం నొక్కాను.

టప్.

 అక్క "అదీ!" అని బల్ల మీద ఒక్క చరుపు చరిచింది.

లోపలికి వెళ్ళాను. బావగారు నల్లటి తెర వంక చూస్తున్నారు. "ఉత్తరం మొత్తం పోయింది" అన్నారు.

"పోతుంది బావగారూ. నాకు మూడు వారాలుగా పోతోంది."

ఆయన గోడకున్న చిల్లు వైపు చూశారు, అందులోంచి వచ్చిన తన వైరు వైపు చూశారు. మొహం మాడిపోయింది. "సరే, రేపు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి వేరే లైన్ వేయిద్దాంలే. నువ్వు పని చూసుకో" అంటూ లేవబోయారు.

"కూర్చోండి. ముందు కొత్త ఆపరేటర్‌కి ఫోన్ చెయ్యండి."

"సాయంత్రం చేస్తాలే అమ్మాయ్."

"నా సంగతి మాట్లాడింది అందరి ముందూ. ఇదీ అందరి ముందే అవ్వాలి."

అప్పటికి మా ఆయనా అక్కా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. బావగారు వాళ్ళ వైపు చూశారు. ఎవరూ ఆయన్ని కాపాడలేదు. జేబులోంచి ఫోన్ తీసి నంబరు నొక్కారు.

"బాబూ, నేను ప్రెస్ నుంచి. నువ్వు రానక్కర్లేదు. కంప్యూటర్ బాగైపోయింది."

"కంప్యూటర్‌కి ముందు కూడా ఏం కాలేదు" అన్నాను. "చెప్పండి."

ఆయన కళ్ళు దించుకున్నారు. గొంతు సవరించుకున్నారు.

"తప్పు నాదే బాబూ. వైరు నేనే తప్పుగా లాగాను. మా మరదలి పనిలో ఏ లోపం లేదు. ఇక్కడ కుర్చీ ఖాళీ లేదు."

ఫోన్ పెట్టేసి లేచారు. నేను కూర్చున్నాను.