కాడి వాలలేదు

రోజూ పొద్దున్నే ఆమె చేసే మొదటి పని దాపటెద్దుకు గడ్డి వేయడం. ఎడమవైపు కాడి మోసే ఆ ఎద్దు చచ్చి ఏడాదైంది. అయినా వేసిన గడ్డి అయిపోతుంది, కాడి అటు వాలదు, నాగలి చాలు వంకర పోదు.

"చచ్చినా ఇల్లు వదల్లేదు, నీ మొగుడికన్నా నయమే" అని పక్క చేలవాళ్ళు నవ్వేవాళ్ళు. మొగుడు మాత్రం కంచంలో చివరి ముద్ద ఆమెకు మిగిల్చి, నాగలెత్తుకుని వెళ్ళిపోయేవాడు.

ఆ ఏడు వాళ్ళకు నేల కౌలుకిచ్చిన ఆసామి ట్రాక్టర్ కొన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఒకే అచ్చులో వందలుగా పోసిన వాటిలో ఒకటి. అది మలుపు తిరగడానికి చోటు కావాలని కౌలు చెక్కల మధ్య గట్లన్నీ కొట్టించాడు.

"దున్నేవాడిదే భూమి అని జెండాలు పట్టుకు తిరిగారుగా. ఇప్పుడు దున్నేది నా బండి" అన్నాడు కౌలుదార్లందరి ముందు. "విత్తనం పడిన చెక్క ఈ ఏటికి మీది. బీడుగా కనబడిందా, బండి దిగుతుంది."

బండి నడిపేది ఆమె సొంత తమ్ముడే.

"అక్క కడుపు కొట్టడానికే నేర్చావురా ఈ విద్య?"

"నేను దిగితే ఇంకొకడు ఎక్కుతాడక్కా. బావని త్వరగా కానిమ్మను."

ట్రాక్టర్ పక్క చెక్కలోకొచ్చిన రోజే, సగం దుక్కిలో కుడి ఎద్దు కూలబడి మళ్ళీ లేవలేదు. మొగుడు దాని మెడ విప్పి తన మెడ పెట్టాడు.

"నాగలి మేడి పట్టుకో."

"నువ్వేమన్నా ఎద్దువా?"

"ఇన్నాళ్ళూ మరేమనుకున్నావు?"

చరిత్ర చక్రం ముందుకే తిరుగుతుందని పుస్తకాల్లో రాస్తారు. దాని కిందికొచ్చిన మెడల సంగతి రాయరు. ఎండ నెత్తికెక్కేసరికి అతను చాలులో మోకాళ్ళ మీద కూలి, బోర్లా పడ్డాడు. తమ్ముడు పరుగున వచ్చి, వెల్లకిలా తిప్పి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు.

"అక్కా, బావ లేడు."

ఆమె చేతిలో మేడి లాగుతోంది. నేల మీదున్న కాడి మెల్లగా మెడ ఎత్తుకు లేచింది. రెండువైపులా ఖాళీ. ఏ వైపూ వాలలేదు.

ఆమె కర్రు నేలలోకి నొక్కింది. తమ్ముడు బావ ముఖాన తువ్వాలు కప్పి, విత్తనాల గంప చంకనెత్తుకుని, చల్లుకుంటూ ఆమె వెనకే నడిచాడు. మళ్ళీ బండి ఎక్కలేదు.

సాయంత్రం ఆసామి వచ్చాడు. పదిమందిలో ఆడిన మాట. విత్తిన నేల చూసి, బండి దించకుండా వెళ్ళిపోయాడు.

మొగుణ్ణి మట్టిచేసి వచ్చాక ఆమె ఎద్దుల పాకలో ఎడమవైపు గడ్డి వేసింది. కుడివైపు అన్నం కంచం పెట్టింది.

తెల్లారి చూస్తే గడ్డి లేదు. కంచం అంచున ఒక్క ముద్ద మిగిలి ఉంది.