మనుషుల్లేని వంటిల్లు

"కాస్త పక్కకి జరుగు స్తుతీ, నీ నీడ పడుతోంది" అన్నాడు ప్రభు. పొయ్యి మీద పప్పు పొంగుతోంది. గరిటె పట్టుకునే గుమ్మం బయటికి జరిగాను. మా వంటింటిని మూలమూలలా ఫోటోలు తీస్తున్నాడు. ప్రత్తిపాడులో ఇంట్లోనే కూర్చుని ఏదో కంపెనీకి వీడియో గేములు చేస్తాడు మా ఆయన. ఎండ గోడకి తగిలి గిన్నె మీదికీ, గిన్నె నుంచి నేల మీదికీ ఎలా పాకుతుందో అచ్చం అలాగే చూపించే కొత్త పద్ధతి వచ్చిందట. దానికోసం రెండు నిమిషాల డెమో. అందులో ఆట ఉండదు, మనుషులూ ఉండరు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒక వంటిల్లు, వెలుతురు, అంతే. నెలంతా అదే లోకం. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చి, కాఫీ కలిపి తీసుకెళ్తే, తెర మీంచి కళ్ళు తిప్పకుండా "అక్కడ పెట్టు" అనేవాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టాడు. మామయ్య ప్రేమదాసు గారు, ఆడపడుచు రెబ్కా సోఫాలో. అన్నం, పప్పు అప్పుడే దించి బల్ల మీద పెట్టి, నేను తలుపు దగ్గర.

తెర మీద మా వంటిల్లు. కిటికీలోంచి మిరప కోతలనాటి ఎండ దిగి స్టీలు బిందె మీద నిలిచింది.

"అన్నయ్యా, మన ఇల్లు ఇంత బావుంటదా!" అంది రెబ్కా.

కుక్కరు మీద ఆవిరి లేస్తోంది, పెట్టినవాళ్ళెవరూ లేరు. పోయినవాళ్ళు తమ ఇంటిని ఇలాగే చూస్తారు కాబోలు. వెలుగు మెల్లగా ఎర్రబడి పొయ్యి పక్క గోడ మీదికి వచ్చింది. అక్కడ, కింద కూర్చున్న మనిషి తల ఎత్తులో, గుండ్రంగా నల్లటి మరక. తడిగా మెరిసింది.

"అదేందిరా గోడకి?" అన్నారు మామయ్య.

"చెమ్మ నాన్నా. చెరిపేద్దామనుకున్నా గానీ, లైటు దానిమీద భలే పడింది."

నాకు అత్తయ్య ప్రేమమ్మ కనిపించింది. మిరపకాయల తొడిమలు తీసి మండే చేతుల్ని మజ్జిగలో ముంచుకుని, ఆఖరి మనిషి తిని లేచేదాకా ఆ గోడకి తల ఆనించి పీట మీద కూర్చునేది. నాకు ఆకలేస్తుంటే "మనకేం తొందరమ్మాయ్" అనేది. ఆవిడ పోయి రెండేళ్ళు. మరి గోడకంటిన ఆ తలనూనె ఇంకా ఆరలేదేం? నా చెయ్యి దానంతటదే తల వెనక, జడ మొదట్లోకి వెళ్ళింది. వేళ్ళకి గోడ సున్నం పొడి అంటుకుంది.

"వడ్డించవా? ఆకలేస్తోంది" అన్నాడు ప్రభు, డెమో మళ్ళీ మొదటి నుంచి పెడుతూ.

"అది చెమ్మ కాదండీ" అన్నాను. "అత్తయ్య తల. రెండేళ్ళ నుంచి నాది."

మామయ్య టీవీ వంక చూడడం మానేసి నా వంక చూశారు. నేను బల్ల దగ్గరికి వెళ్ళి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. కంచంలో అన్నం, పప్పు పెట్టుకున్నాను.

"గిన్నెలు ఇక్కడే ఉన్నాయి, రండి" అని మొదటి ముద్ద కలుపుకున్నాను. వేళ్ళు చురుక్కుమన్నాయి. ఈ ఇంట్లో అన్నం ఇంత వేడిగా ఉంటుందని నాకు ఇప్పటిదాకా తెలియదు.