సంతకానికి ముందు ఒక ప్రశ్న

తప్పు కనిపిస్తే నా చేయి ఊరుకోదు. మందుసీసా మీది కాగితం కూడా దిద్దుతానని నా రూమ్‌మేట్ అంజి నన్ను "ఎర్రపెన్ను దొర" అంటాడు. అననీ! ఈ ఎడారి దేశానికొచ్చి ఎనిమిదేళ్లు సైట్‌లో పైపుల పరంజాలు కట్టాను. ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం ఫోన్‌లో ప్రూఫ్‌రీడింగ్ నేర్చుకుంటున్నాను. నెలాఖరుకు కంపెనీ కాంట్రాక్టు అయిపోతుంది. ఈలోగా ఇక్కడి రూవి పేటలోని అనువాదాల ఆఫీసులో ఉద్యోగం దొరక్కపోతే జగిత్యాలకు టికెట్టే.

పరీక్షకు ముగ్గురం వెళ్లాం. ఆఫీసు నడిపే వాణి మేడమ్ తలా ఒక తెలుగు కరపత్రం ఇచ్చింది. పరంజా విప్పే పనివాళ్లకు జాగ్రత్తలు చెప్పే కరపత్రం అది. మధ్యాహ్నం అచ్చుకు వెళ్లాలట, ఆఖరిసారి దిద్దినట్టూ అవుతుందని దాన్నే పరీక్షగా పెట్టింది. మిగతా ఇద్దరూ పావుగంటలో ఇచ్చేసి వెళ్లిపోయారు. నేను గంట కూర్చున్నాను.

"ఇంకా ఎంతసేపండీ? అక్షరాలు చూస్తే చాలు," అంది.

"అక్షరాలు మంచిగనే ఉన్నయ్ మేడమ్. ఇంగ్లిష్ కాపీ ఒకసారి ఇయ్యున్రి."

"పరీక్షలో అది ఇవ్వం. తప్పుల్లేవని సంతకం పెట్టి ఇచ్చేయండి."

నాకు చిర్రెత్తుకొచ్చింది. భయం కూడా వేసింది, దాచడమెందుకు? కానీ మూడో అంశం పైపులు దించమంటోంది, నాలుగోది కింద ఉన్నవాళ్లను పక్కకు పంపమంటోంది. పైపులు దించేశాక పంపితే ఏం లాభం? ఫోన్‌లో పాఠాలు చెప్పే మా రాజేశ్వరి టీచర్ పదే పదే చెప్పింది ఒకటే. అనుమానం వస్తే సొంతంగా మార్చకు, పక్కన ప్రశ్న రాసి మూలం అడుగు.

"సంతకం పెట్టను మేడమ్. సైట్ల పరంజా కింద సామాన్లు సర్దేటోడు మా అంజి. ఈ కాయిదం చూసే పని చేస్తడు. నౌకరీ ఇయ్యకున్నా మంచిదే, మీరన్నా ఒకసారి ఇంగ్లిష్ చూడున్రి."

ఆమె మొహం ఎర్రబడింది. విసురుగా ఫైలు తెరిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. ఇంగ్లిష్‌లో మనుషులను పంపడం మూడోది, పైపులు దించడం నాలుగోది. మేడమ్ వెంటనే ప్రెస్సుకు ఫోన్ చేసి అచ్చు ఆపమంది.

"నిన్న దీన్ని చూసి సరేనన్నది నేనే, భూమేశ్ గారూ," అంది మెల్లగా.

రెండు అంశాలూ సరిచేసి, కొత్త కాపీ తీయించి నా ముందు పెట్టింది.

"సంతకం మీరే పెట్టండి. ఒకటో తారీఖు నుంచి డ్యూటీకి రండి."

ఎంత సంతోషం వేసిందో! పెన్ను మూత తీశాను. మళ్లీ పెట్టేశాను.

"మొదటికెల్లి ఒకసారి చదువుత మేడమ్," అన్నాను. "అయినంకనే సంతకం."