సామాను కాడ మనిషి

పొద్దున ఐదింటికి, క్రాబీలోని ఓ హోటల్ గదిలో, బాత్‌రూమ్ గట్టు మీద బుల్లి కరెంటు కుక్కర్ పెట్టుకుని నాగవల్లి పులిహోరకు అన్నం వండుతోంది. గదుల్లో వంట చేయరాదని తలుపు వెనక బొమ్మ వేసి మరీ అంటించారు. అందుకని ఆవిరి బయటికి పోకుండా తలుపు సందులో తడి టవల్ కుక్కింది. ఈ కుక్కరూ, చింతపండు గుజ్జూ, పోపు డబ్బా, రెండు రకాల తొక్కులూ, పది మందికి సరిపడా సకినాలూ అన్నీ బీరంగూడ నుంచి ఆమె సూట్‌కేసులో, ఆమె బట్టలు ఉండాల్సిన చోట కూర్చుని థాయిలాండ్ దాకా విమానంలో వచ్చాయి. బయటి తిండి తమకు పడదని జట్టులోని మగవాళ్ళు ముగ్గురూ బయల్దేరడానికి వారం ముందే తేల్చేశారు. మరి వండేదెవరు అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. రావాల్సిన మాట అని ఎవరికీ తోచలేదు కూడా.

అన్నం ఉడికేలోపు కిటికీ దగ్గరికి వెళ్ళి తెర కొంచెం తప్పించింది. దూరంగా సముద్రం. నిన్న విమానాశ్రయం నుంచి వస్తుంటే బస్సు అద్దంలోంచి కనబడిందే, ఆమె సముద్రాన్ని చూడడం అదే మొదలు. నలభై రెండేళ్ళు నిండాయి. ఇవాళ స్పీడ్‌బోటులో నాలుగు దీవులు తిప్పుతారట. నాలుగింట్లో ఒక్కదాని దగ్గరైనా సరే నీళ్ళలోకి దిగాలి, మొహం ముంచి అడుగున ఏముందో కళ్ళారా చూడాలి అని గట్టిగా అనుకుంది. మంచం మీద భర్త నర్సింగ్ గురక పెడుతున్నాడు. పైకి అంటే ఆయన లేచి వద్దంటాడేమోనని మనసులోనే అనుకుంది.

ఈ ప్రయాణం రంగుల కంపెనీ పుణ్యం, ఎక్కువ సరుకు అమ్మిన దుకాణాల వాళ్ళను జంటలుగా తీసుకొచ్చింది. బీరంగూడ కమాన్ దగ్గర వాళ్ళకు రంగుల దుకాణం ఉంది. పేరు నర్సింగ్‌ది, బోర్డు మీద ఫొటో కూడా ఆయనదే. పొద్దున తొమ్మిదింటి నుంచి షట్టర్ దించేదాకా రంగులు కలిపే మిషన్ ముందు నిలబడేది మాత్రం నాగవల్లి. అమీన్‌పూర్ వైపు లేచిన ఎన్ని అపార్ట్‌మెంట్ల గోడల మీద ఆమె చేతి రంగు ఉందో లెక్కలేదు. మేస్త్రీ పాత గోడ పెచ్చు ఒకటి రుమాల్లో చుట్టుకొస్తే, వెలుతురులో పట్టి చూసి, ఏ రంగు ఎన్ని చుక్కలు పడాలో మిషన్ కంటే ముందు ఆమె చెబుతుంది. నిన్న సాయంత్రం హోటల్లో షీల్డు ఇచ్చేటప్పుడు కంపెనీ ఆఫీసరు నర్సింగ్‌కు మైకు అందించాడు. నర్సింగ్ తన కష్టం గురించి పది నిమిషాలు చెప్పి, చివర్న, "మా ఆమె గూడ వచ్చి దుకాణంల కూసుంటది, తోడుకు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నాగవల్లి కూడా కొట్టింది. కొట్టాక తన చేతులను చూసుకుని తనకే సిగ్గేసింది.

కూర్చోవడం మాటకొస్తే, అది ఆమెకు ఇవాళ్టి ఉద్యోగం కాదు. పెళ్ళయిన కొత్తలో ఏడుపాయల జాతరకు పోయినప్పుడు, అందరూ మంజీర పాయలోకి స్నానానికి దిగుతుంటే అత్త నర్సింహమ్మ, "కోడలు పిల్ల సామాను కాడుంటది" అంది. ఆ ఒక్క మాటతో ఇరవై ఏళ్ళ పదవి ఖాయమైపోయింది. బాసరలో అందరూ గోదావరిలో మునిగారు, ఆమె సామాను కాడ. ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడికి పోయిన ప్రతిసారీ ఆమె చుట్టూ సంచులూ చెప్పులూ కుప్ప. అందరూ దర్శనం చేసుకుని, తడి జుట్టు ఆరబెట్టుకుంటూ తీరిగ్గా తిరిగొచ్చాక, జల్దీ పోయి దండం పెట్టుకుని రమ్మని ఆమెను తోలేవారు. ఒకసారి ఏడుపాయలలో ఆమె కాస్త కునుకు తీసినప్పుడు నర్సింగ్ చెప్పు పోయింది. రెండూ కాదు, ఒక్కటే. ఆ చెప్పు మాట ఆ ఇంట్లో రెండేళ్ళు నడిచింది. మొన్న బయల్దేరేటప్పుడు కూడా అత్త గడపలో నిలబడి, "సామాను పైలం బిడ్డా. నువ్వున్నవంటే నాకు రంది లేదు" అంది. ప్రేమగానే అంది. ప్రేమగా అనకపోతే ఎప్పుడో ఎదురు చెప్పి ఉండేదేమో.

తొమ్మిదింటికి రేవులో చెప్పులన్నీ ఒక బుట్టలో వేయించి, అందరికీ లైఫ్ జాకెట్లు తొడిగించింది గైడ్. ఆవిడ పేరు నోయ్. యాభై ఏళ్ళుంటాయి. తలమీద పెద్ద గడ్డి టోపీ. మన దేశం వాళ్ళను తిప్పీ తిప్పీ "చలో చలో" నేర్చుకుంది. వీళ్ళ జట్టులో ఆరుగురు. నర్సింగ్, నాగవల్లి కాక, పటాన్‌చెరులో దుకాణం ఉన్న కృపానందం, ఆయన భార్య లీలమ్మ. లీలమ్మ బడిలో పాఠాలు చెప్పి రిటైరైంది, అందరూ టీచరమ్మ అంటారు. ఇక ఇస్నాపూర్ యాదగిరి, అతను కొత్తగా పెళ్ళి చేసుకున్న నిహారిక. పాస్‌పోర్టులు హోటల్ లాకర్‌లోనే పెట్టి రమ్మని ముందు రోజే చెప్పారు. మనవాళ్ళు వింటారా. లాకర్ తాళం ఇంకోటి హోటలు వాడి దగ్గర కూడా ఉంటుందని నర్సింగ్ అనుమానం. అందుకని ఆరుగురి పాస్‌పోర్టులూ ఒకే నల్ల బ్యాగులో వేసి, దాన్ని సముద్రం మీదికి తెచ్చి, భార్య మెడలో తగిలించాడు.

"ఇగో, ఇది నీ ఒంటి మీదికెళ్ళి దిగొద్దు. ఇది పోతే మనల్ని ఇండియాకు పోనియ్యరు" అన్నాడు.

బోటు రేవు దాటేదాకా మెల్లగా పోయి, తర్వాత ముక్కు పైకెత్తి ఒక్కసారిగా పరుగందుకుంది. అల మీద పడ్డప్పుడల్లా అందరూ సీట్ల మీంచి ఎగిరిపడుతున్నారు. మొహం మీద ఉప్పు నీటి తుంపర. నాగవల్లి కళ్ళు మూసుకోలేదు. నీళ్ళలోంచి నిట్టనిలువుగా లేచిన రాతికొండలు, వాటి నెత్తిన పచ్చటి చెట్లు, దగ్గరికొచ్చినట్టే వచ్చి పక్కకు తప్పుకుంటున్నాయి. నిద్రలో నడుస్తున్నట్టుంది. ఎవరూ ఏమీ అడగడం లేదు, ఇంజన్ల హోరులో అడిగినా వినబడదు. ఆమె ఊరికే నీటి రంగు చూస్తోంది. చూస్తూ చూస్తూ అలవాటుకొద్దీ మనసులో కలపడం మొదలుపెట్టింది. తెల్ల బేసు, నీలం ఆరు చుక్కలు, ఆకుపచ్చ రెండు, పసుపు అర చుక్క. కుదిరింది అనుకునేలోపు బోటు ముందుకు పోయింది, నీరు ఇంకో రంగైంది. మళ్ళీ మొదటి నుంచి కలిపింది. మళ్ళీ మారింది. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక రంగు తనకు దొరకలేదని ఆమెకు చెప్పలేనంత సంతోషమేసింది.

మొదటి దీవి దగ్గర బోటు వెనక నిచ్చెన దించారు. మోకాళ్ళ లోతు నీరు, అడుగున ఇసుక లెక్కబెట్టొచ్చన్నంత తేటగా ఉంది. నాగవల్లి దిగబోతుంటే నిహారిక ఫోన్ చేతిలో పెట్టి, "అక్కా, జెర ఇది గూడ" అంది. యాదగిరి గడియారం, కృపానందం కళ్ళద్దాలు, నర్సింగ్ ఉంగరాలు వచ్చి పడ్డాయి. బ్యాగులు బోటులో వదిలేసినా ఏం కాదని నోయ్ చేతులు ఊపి చెప్పింది. ఆమె అట్లనే అంటది అని నర్సింగ్ తెలుగులో తేల్చేసి, "నువ్వెట్లనో నీళ్ళల్లకు రావు గద" అని నీళ్ళల్లోకి పోయాడు. రానని ఆమె ఎప్పుడూ అనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు. చీరె కట్టుకున్న రోజుల్లో మొదలైన మాట, ఇవాళ పంజాబీ డ్రెస్సు మీద లైఫ్ జాకెట్టు తొడిగి కూర్చున్నా అలాగే నడుస్తోంది.

రెండో దీవిలో ఒక కొండ అచ్చం కోడి మెడ ఎత్తి చూస్తున్నట్టుంది. అక్కడ నీరు లోతు, గాజు మాస్కులు పెట్టుకుని, నోట్లో గొట్టాలు పట్టుకుని అందరూ బోటు చుట్టూ బోర్లా తేలారు. మాస్కు తీసినప్పుడల్లా చేపలు, చేపలు అని కేకలు. నాగవల్లి అంచు మీంచి వంగి చూసింది. ఒళ్ళోని బ్యాగు ముందుకు జారింది. ఆరుగురి తిరుగు ప్రయాణం నీళ్ళపాలైనట్టే అనిపించి, వెనక్కి జరిగి, బ్యాగును రెండు చేతులా పొట్టకు అదుముకుని కూర్చుంది. చేపలు ఎలా ఉన్నాయో వాళ్ళ కేకలను బట్టి ఊహించుకుంది. ఇంకా రెండు దీవులున్నాయి కదా అని తనకు తానే నచ్చజెప్పుకుంది.

మూడో దీవిలో భోజనాలు. ఇసుక మీద చాప పరిచి, స్టీలు డబ్బాలు తెరిచి, అందరికీ పులిహోర పెట్టింది. అందరూ ఆవురావురుమని తిన్నారు. నోయ్‌కు కూడా ఒక ప్లేటు ఇచ్చింది. నోయ్ తిని, బొటనవేలు పైకెత్తి, నర్సింగ్ వైపు తిరిగి, "యువర్ కుక్? ఫ్రమ్ ఇండియా? వెరీ గుడ్" అంది.

ఆ మాత్రం ఇంగ్లీషు నాగవల్లికి తెలుసు. నర్సింగ్‌కూ తెలుసు. ఆయన ఒక్క క్షణం ఆగి, పెద్దగా నవ్వి, "యెస్, యెస్, కుక్" అన్నాడు. యాదగిరి నవ్వాడు, కృపానందం నవ్వాడు, నిహారిక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. గైడ్ తప్పేమీ లేదు, పాపం. పొద్దుటి నుంచి ఆమె చూసింది అదే. కాదని చెప్పగలిగినవాడు నవ్వాడు, అదీ నాగవల్లికి నాటుకున్న సంగతి. ఊకె తమాషాకన్న గద అంటాడు రేపు. తమాషాకే ఇరవై ఏళ్ళు గడిచాయి. ఆమె డబ్బాలు సముద్రపు నీటితో కడిగి, ఒకదాంట్లో ఒకటి పెట్టి, సంచిలో సర్దింది. మూడో దీవి కూడా అయిపోయింది.

నాలుగో దీవికి పోతుంటే ఆమె నీటి రంగు చూడలేదు. కళ్ళకు ఏమీ ఆనలేదు. మంజీర, గోదావరి, కృష్ణ, అన్నీ ఒడ్డునుంచే చూసిన నీళ్ళు. ఇది కూడా వాటిలో కలిసిపోతే, తర్వాత ఎవరైనా సముద్రం ఎట్లుంటది అని అడిగితే, దూరంగా ఉంటది అని చెప్పాలి. కూతురు స్నిగ్ధ తప్పకుండా అడుగుతుంది. ఆ పిల్లకు రేపు పెళ్ళయితే, ఎవరో ఒకరు ప్రేమగా, కోడలు పిల్ల సామాను కాడుంటది అంటారు. తన కూతురు కాబట్టి, అమ్మ కూర్చున్నట్టే కూర్చుంటుంది.

నాలుగోది చిన్న దీవి. తెల్లటి ఇసుక, ఒడ్డున నాలుగు చెట్లు, కాస్త లోపలికి పోతే చేపలు కాళ్ళ దగ్గరికే వస్తాయని నోయ్ చెప్పింది. మగవాళ్ళు అప్పుడే మోకాళ్ళ లోతుకు పోయి, చేతులు చాపి నిహారిక ఫోన్లో ఫొటోలు దిగుతున్నారు. నాగవల్లి ఇసుకలో నిలబడే ఉంది. లీలమ్మ వచ్చి పక్కన నిలబడింది. భోజనాల దగ్గర అందరూ నవ్వినప్పుడు ఈమె నవ్వలేదు.

"బ్యాగు నాకిచ్చి నువ్వు పో బిడ్డా. నేను కూసుంటా" అంది లీలమ్మ.

నాగవల్లి చెయ్యి బ్యాగు పట్టీ మీదికి పోయింది. మెడలోంచి సగం తీసింది కూడా. అంతలో లీలమ్మ లైఫ్ జాకెట్టు చూసింది. అదీ తన జాకెట్టులాగే పొడిగా ఉంది. ఈవిడ కూడా పొద్దుటి నుంచి దిగలేదన్నమాట. వయసైంది కదా అని ఎవరూ పిలిచి ఉండరు.

"నాకోసం నువ్వు, నీకోసం నేను. మనమిద్దరమే మార్చుకుంట కూసుందామా టీచరమ్మా?" అంది. "నువ్వు నాతోని రా."

అని నేరుగా నీళ్ళల్లోకి నడిచింది. నర్సింగ్ ఫొటో కోసం నవ్వుతున్నాడు. ఆమె బ్యాగు తీసి ఆయన మెడలో వేసింది. గడియారమూ కళ్ళద్దాలూ ఉంగరాలూ అన్నీ అందులోనే ఉన్నాయని చెప్పింది.

"ఏందే ఇది? నేను నీళ్ళల్ల ఉన్న గద. తడుస్తది."

"తడుస్తది. అందుకే ఒడ్డుకు పో."

యాదగిరి నవ్వబోయి ఆగిపోయాడు. నర్సింగ్ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, ఇంత జనంలో పరువు తీస్తున్నావన్నాడు. ఏదన్నా ఉంటే హోటల్‌కు పోయినంక మాట్లాడుకుందామన్నాడు. బ్యాగు తీసి ఆమెకు ఇయ్యబోయాడు. ఆమె చేతులు చాపలేదు. ఇరవై ఏళ్ళుగా ఎవరేమిచ్చినా చాపిన చేతులు, ఇవాళ ఊరికే పక్కన వేలాడుతున్నాయి. ఆయన పట్టుకున్నది ఆరుగురి పాస్‌పోర్టులు, వదిలెయ్యడానికి లేదు. చివరికి బ్యాగును నెత్తికెత్తి పట్టుకుని, చిన్నగా అడుగులేసుకుంటూ ఒడ్డుకు పోయాడు.

నోయ్ ఇద్దరు ఆడవాళ్ళకూ మాస్కులూ గొట్టాలూ తెచ్చి బిగించింది. బిగిస్తుంటే నాగవల్లి ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, "నో కుక్" అంది. "మై షాప్. పెయింట్ షాప్." నోయ్ కాసేపు అర్థం కాక చూసి, అర్థమయ్యాక రెండు చేతులూ జోడించి సారీ, సారీ అంది. ఫరవాలేదని నాగవల్లి తల ఊపింది. నా దుకాణం అన్న మాట తన నోట రావడం ఆమె కూడా అప్పుడే విన్నది.

మొహం ముంచింది. మొదట భయంతో ఊపిరి బిగబట్టి, తర్వాత వదిలింది. చెవుల్లో తన ఊపిరి తప్ప ఇంకో చప్పుడు లేదు. పసుపు, నలుపు చారల చేపలు గుంపుగా వచ్చి, ఆమె వేళ్ళ మధ్యనుంచి ఇటు దూరి అటు పోయాయి. ఒకటి మాత్రం ఆగి, ఆమె మాస్కు అద్దం దగ్గరికొచ్చి, ఎవరు నువ్వన్నట్టు చూసింది. ఎండ నీళ్ళలోంచి దిగి ఇసుక మీద వలలాగా కదులుతోంది. పక్కన లీలమ్మ చెయ్యి ఆమె చేతిని గట్టిగా పట్టుకుంది, చిన్నపిల్ల పట్టుకున్నట్టు. మాస్కు లోపల నాగవల్లికి ఏడుపొచ్చింది. ఇంత అందంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. దిగి వచ్చినవాళ్ళు ఎన్నిసార్లు తిరిగొచ్చారు, ఒక్కరూ చెప్పలేదు. ఆ దుఃఖమూ, ఈ సంతోషమూ రెండూ ఒకేసారి వచ్చాయి, ఆమె రెంటినీ రానిచ్చింది.

తల పైకెత్తేసరికి ఒడ్డున మాట వినబడింది. నర్సింగ్ నడి ఇసుకలో, బ్యాగును ఒళ్ళో పెట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఇగ చాలు, బైటికి రా అని చెయ్యి ఊపుతున్నాడు. నాగవల్లి మాస్కు పైకి జరుపుకుని, టైమెంతుందని నోయ్‌ను సైగతో అడిగింది. నోయ్ గడియారం చూసి, నాలుగు వేళ్ళు చూపించి, పక్కన సున్నా చుట్టింది.

"ఇంక నలభై నిమిషాలున్నది" అంది నాగవల్లి, ఒడ్డుకు వినబడేటట్టు. "ఎండల కూసోకు. ఆ చెట్టు కిందికి జరుగు."