ఓడకు బరువు బాధ లేదు

1979 ఫిబ్రవరి తొమ్మిది, శుక్రవారం. ఆ రోజు భీమేశ్వరరావు పదకొండు గారెలు తిన్నాడు. ఓడ దిగి నాలుగు రోజులు కూడా కాని భార్య నాగేశ్వరి, కోనసీమ నుంచి గోనెసంచిలో చుట్టి తెచ్చిన రుబ్బురోలును అరబ్బు దేశంలో, బ్నీద్ అల్ గార్‌లోని మూడో అంతస్తు వంటింట్లో ఓ మూల కూర్చోబెట్టి, మినప్పప్పు రుబ్బి, వేడివేడిగా వేసి అల్లప్పచ్చడితో పెట్టింది. "రాయి మోసుకొచ్చావేంటే, నవ్విపోతారు" అన్న మనిషే పన్నెండో గారెకు చెయ్యి చాచాడు.

ఇప్పుడు 1986 డిసెంబరు. నాగేశ్వరి పోయి మూడేళ్లు. కంపెనీలో భీమేశ్వరరావు స్టోర్‌కీపరు పని ముగింపుకొచ్చింది, జనవరితో ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కూడా ఖలాస్. కాకినాడలో రెండు గదుల వాటా మాట్లాడుకున్నాడు. తేలవలసింది ఒక్కటే. సామాను ఓడలో వేయాలా, ఇక్కడే వదిలేసి అక్కడ కొత్తగా కొనుక్కోవాలా?

పక్క వీధి కుక్కుటేశ్వరరావుకి ఇందులో అనుమానమే లేదు. ఎవరు ఇంటిదారి పట్టినా సలహా చెప్పందే వదలడాయన.

"ఫ్రిజ్జు వేసెయ్యండి, బట్టలుతికే మెషీను వేసెయ్యండి. అక్కడ ఇలాంటి సరుకు దొరుకుతుందేంటండీ బాబూ?"

"ఒక్కణ్ణి. రెండు చొక్కాలకి మెషీనెందుకండీ?"

"మీరు ఉతుక్కోకపోతే పక్కింటోళ్లు ఉతుక్కుంటారు. ముందు పేరొస్తుంది కదా!"

రోలు మాట వచ్చేసరికి మాత్రం ఆయన పకపకా నవ్వాడు. "రాళ్ల దేశానికి రాయి ఎగుమతా?"

భీమేశ్వరరావూ నవ్వాడు. విమానంలో వచ్చే విడిభాగాలకు కిలోల చొప్పున బిల్లులు చూసి చూసి ఉన్నవాడు కనుక, ఆ రాయి బరువు తలుచుకుని బెదిరి, పెట్టెలు కట్టే తిమ్మయ్య భార్య రెడ్డెమ్మకు ఇచ్చేశాడు. రాయచోటి వైపు వాళ్లు. జహ్రాలో 'మామా' అని పిలిచే అరబ్బు యజమానురాలి ఇంటి పని మానేసి వచ్చిన రెడ్డెమ్మ, అబ్బాసియాలో ఒంటరి మగవాళ్ల గదులకు ఇడ్లీలు వేసి పంపుతోంది. రోలు వెళ్లిపోయిన రోజు నుంచి భీమేశ్వరరావు వంటింట్లో ఆ మూలకేసి చూడడం మానేశాడు.

మరుసటి శుక్రవారం తిమ్మయ్య వచ్చి, హాలు నేలమీద సుద్దముక్కతో పొడుగ్గా ఓ గడి గీశాడు.

"ఈ గీతే పెట్టె సార్. ఇందులో పట్టింది పోతాది, పట్టంది పోదు."

ఫ్రిజ్జు, మెషీను, ట్రంకుపెట్టె, పుస్తకాలు గీత లోపలికి చేరాయి. ఓ మూల సందు మిగిలింది.

"ఈడ బరువుది ఏదన్నా పెట్టు సార్. అడుగున బరువుంటే పెట్టె కదలదు."

"బరువైతే డబ్బులెక్కువ కదయ్యా?"

"ఓడకు బరువు బాధ లేదు సార్. అది చూసేది చోటే. ఆ రోలుండింటే సరిగ్గా..." అని తిమ్మయ్య నాలుక కరుచుకున్నాడు.

భీమేశ్వరరావు ఆ సందుకేసి చూస్తూ నిలబడిపోయాడు. ఫ్రిజ్జు ఆ ఇంటితో పాటు కంపెనీ ఇచ్చింది, వెళ్తూ తీసుకుపొమ్మంది. మెషీను ఎవరి దగ్గరో కొన్నది. ఆ ఇంట్లో నాగేశ్వరి కోరి తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, దాన్ని తెలియనితనంతో దానం చేశాడు. ఆ సాయంత్రమే తిమ్మయ్య వెంట అబ్బాసియా వెళ్లాడు.

ఒక గది, దాన్నానుకుని ఇరుకు వంటిల్లు. రెడ్డెమ్మ పిండి రుబ్బుతోంది.

"రోలు అడుగుదామని వచ్చానమ్మా. ఇచ్చింది మళ్లీ అడగడానికి సిగ్గుగానే ఉంది."

తిమ్మయ్య గోడకేసి చూశాడు. రెడ్డెమ్మ చెయ్యి ఆగింది. పక్కన తపేలాలో నానిన పప్పు ఇంకా సగం ఉంది.

"మీ ఇంటామె రోలు, కొండబోండి అన్నా. ఈ పిండి తీసేస్తా, రోంతసేపు కుచ్చోండి."

ఆమె అరచేత్తో పిండి తోడుతుంటే రోలు లోపల కొత్త గాట్లు తెల్లగా కనిపించాయి.

"ఇవేంటమ్మా?"

"మా ఆయన ఉలితో కక్కు కొట్టినాడు. నున్నగా అయిపోయి పప్పు జారిపోతాండె. ఆ రోట్లో ఆయమ్మ ఎట్ల రుబ్బిందో ఏమో! ఎవురికైనా రెక్కలు పడిపోతాయి."

చివరి ఏడాది నాగేశ్వరి పప్పు వేసి గంటలు గంటలు తిప్పేది. "నా చేతిలో సత్తువ పోయిందండీ" అని నొచ్చుకునేది. ఆయనా అదే నమ్మాడు. జబ్బు ఉన్నమాట నిజమే. కానీ ఆ గంటల్లో కొన్ని రాయి చేసిన ఆలస్యం. ఆ సంగతి ఇవాళ్టికైనా తెలిసింది. ఆ చెయ్యి అంతగా ఓడిపోలేదు.

"తియ్యకమ్మా. ఉంచు. ఇక్కడ నీకు ఇంకోటి దొరకదు."

"అప్పుడే మనసు మార్చుకుంటిరే అన్నా?"

"కాకినాడలో రోళ్లకి కరువా? కక్కు కొట్టేవాళ్లు వీధుల్లో తిరుగుతారు. నాకు రానిది రుబ్బడమే. అది నేర్పు."

"ఇంగ మొగోళ్లంతా నేర్చుకుంటే నా యాపారం ఏం గావాల?" అని నవ్వుతూనే రెడ్డెమ్మ పీట జరిపింది.

భీమేశ్వరరావు చొక్కా చేతులు మడిచి కూర్చున్నాడు. పొత్రం ఓ చుట్టు తిరిగి మొండికేసింది.

"తిప్పేది ఒక చెయ్యి, పిండి తోసేది ఇంగొకటి. యేళ్లు జాగర్త. అది స్టోరు రిజిస్టరు కాదన్నా, యల్లా, తిప్పండి!"

తిమ్మయ్య గుమ్మంలోంచి అడిగాడు. "మరి ఆ సందులో ఏం పెడదాం సార్?"

"మెషీనూ ఫ్రిజ్జూ తీసెయ్. పుస్తకాలకీ ట్రంకుపెట్టెకీ సరిపడా చిన్న పెట్టె చెయ్యి. మిగతావి అక్కడే ఒక్కొక్కటీ కొనుక్కుంటాను. మొదట రోలు."

"కుక్కుటేశ్వరరావు సారు ఊరుకుంటాడా?"

"ఆయనకి గారెలు పెడదాం. నోరు ఖాళీగా ఉంటే కదా!"

చాలాసేపటికి పిండి నురగలా తేలింది. రెడ్డెమ్మ చిటికెడు తీసి నీళ్లగ్లాసులో వేసింది. అది మునగలేదు.

"పనికొస్తారన్నా" అంది.

పిండి గిన్నెలోకి ఎత్తి, ఇడ్లీ రవ్వ కలిపి, పైన తువ్వాలు కప్పి, దాని చుట్టూ పాత దుప్పటి చుట్టింది. డిసెంబరు చలికి పిండి ఓ పట్టాన పొంగదు. అందుకని తెల్లవారేదాకా ఎవరూ ఆ గుమ్మం తొక్కవద్దని మొగుడికి చెప్పి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేసింది.