నడుమ కర్ర

ఆదివారం నాడు చెయ్యెత్తింది తానే. అందుకని మేస్త్రి ఎవర్నీ తిట్టుకోలేకపోతున్నాడు.

ఆ రోజు పాస్టరు గారు పేతురు గురించి చెప్పారు. పడవ దిగి నీళ్ల మీద నడిచినవాడు, అంతలోనే గాలిని చూసి బెదిరి మునిగినవాడు. "మీలో పడవ దిగేవాళ్లెవరు?" అని అడిగారు. మేస్త్రి చెయ్యి దానంతట అదే లేచింది. వెంటనే ఆయన, "అయితే వచ్చే ఆదివారం కొత్త మందిరంలోనే ఆరాధన!" అనేశారు. అందరూ స్తోత్రం అన్నారు. మేస్త్రి చెయ్యి మాత్రం ఇంకా గాల్లోనే ఉంది.

ఇవాళ శుక్రవారం. ఆ మందిరానికి మేస్త్రి స్లాబు వేసి పద్నాలుగు రోజులు. ఇంత వెడల్పు హాలుకైతే ఇరవై ఒక్క రోజులు ఆగనిదే కింది కర్రలు ముట్టుకోడు మేస్త్రి. పైగా స్లాబు వేసిన రోజు వాన కురిసింది. ముప్పాతిక స్లాబు పోశాక చినుకులు మొదలయ్యాయి. మేస్త్రి తలపాగా తీసి, కళ్లు మూసుకుని, నిలబడ్డచోటే ప్రార్థన చేశాడు. పది నిమిషాల్లో వాన కట్టేసినట్టు ఆగిపోయింది. కూలీలందరూ ఆశ్చర్యపోయారు. మేస్త్రి కళ్లు తెరిచి చూస్తే, వెనక వైపు కొత్త కాంక్రీటు మీద నీళ్లు మడుగు కట్టాయి. కప్పాల్సిన పట్టా చుట్ట చుట్టినట్టే పక్కన ఉంది. మేస్త్రి చెప్తే కప్పుదామని అందరూ నిలబడ్డారు, మేస్త్రేమో దేవుడితో మాట్లాడుతున్నాడు.

దేవుడు విన్నాడని సంతోషించాలో, పట్టా కప్పి ప్రార్థన చేసుకోవాల్సిందని ఏడవాలో అతనికి ఇప్పటికీ తెలియదు.

హాలు లోపల అడుగడుక్కీ ఒక కర్ర. స్లాబుని మోస్తున్న ఆ కర్రల మధ్యనుంచి పాస్టరు గారు పక్కకి తిరుగుతూ, తల వంచుతూ వచ్చారు. తెల్ల చొక్కాకి అప్పుడే రెండుచోట్ల సిమెంటు అంటింది.

"ఏం మేస్త్రీ, ఇంకా ఒక్కటీ కదల్లేదేం?"

"అయ్యగారూ, ఒక మాట అడుగుతాను. కోప్పడకూడదు."

"నీ మీద కోప్పడి ఈ కర్రల్లోంచి ఎక్కడికి పోను? అడుగు."

"పేతురు పడవ దిగితే మెచ్చుకున్నాం కదా. మరి ప్రభువుని దేవాలయం అంచు మీద నిలబెట్టి సైతాను దూకమంటే, ఆయన దూకలేదు. దేవుణ్ణి పరీక్షించకూడదన్నాడు. ఒకాయన దిగితే విశ్వాసం, ఇంకొకాయన దూకకపోతే విశ్వాసం. నేనిప్పుడు పడవలో ఉన్నానా, అంచు మీద ఉన్నానా?"

పాస్టరు గారు చంకలోని బైబిలు తీశారు. కాసేపు ముందుకి తిప్పారు, కాసేపు వెనక్కి తిప్పారు. మళ్లీ మూసేశారు.

"పేతుర్ని రమ్మన్నది ప్రభువు," అన్నారు నెమ్మదిగా. "దూకమన్నది సైతాను. తేడా అదీ."

"మరి నన్ను ఆదివారానికి కర్రలు తీసెయ్యమన్నది ఎవరు?"

ఆయన దగ్గారు. "నేను."

ఇద్దరూ నవ్వారు. కానీ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పోనీ ఒక పని చెయ్యి," అన్నారు పాస్టరు గారు. "అన్నీ తీసెయ్. భయంగా ఉంటే నట్టనడుమ ఒక్క కర్ర ఉంచు. దాని చుట్టూ కుర్చీలు వేసుకుందాం."

"అది మాత్రం చెయ్యకూడదు అయ్యగారూ. నడుమ ఒక్కటి ఉంచి చుట్టూ తీసేస్తే, స్లాబు దాని మీద వాలి పైనుంచి పగులుతుంది. తీస్తే ముందు నడుమది తీసి, గోడల వైపు వెళ్లాలి. లేదా అన్నీ ఉంచాలి. సగం నమ్మకం కుదరదు."

"ఇది నేను ప్రసంగంలో చెప్పాల్సింది," అని పాస్టరు గారు బయటికి నడిచారు. గుమ్మం దగ్గర ఆగి, "నిర్ణయం నీదే. నిజంగా," అన్నారు. ఆ మాటతో మేస్త్రి బుర్ర ఇంకా పాడైంది.

అతనికి పని నేర్పింది మేనమామ. మామకి ఒక అలవాటు ఉండేది. కర్రలు తీసేటప్పుడు కూలీలందర్నీ బయటికి పంపి, తనొక్కడే కింద నిలబడి నడుమ కర్ర కొట్టి తీసేవాడు. మన పని తప్పయితే ముందు మన నెత్తిమీదే పడాలిరా, అనేవాడు. మేస్త్రి ఇన్నేళ్లూ అలాగే చేశాడు. ఎప్పుడూ తడబడలేదు.

సుత్తి తీసుకున్నాడు. నడుమ కర్ర దగ్గర నిలబడ్డాడు. పడితే నా మీదే కదా, అనుకున్నాడు. అలా అనుకున్నాక కొంచెం ధైర్యం వచ్చింది.

స్లాబు గట్టిపడాలని పైన నీళ్లు కడుతున్న భార్య దిగి వచ్చింది. ఖాళీ బకెట్టు గుమ్మం దగ్గర పెట్టి, కర్రల మధ్యనుంచి వచ్చి అతని పక్కన నిలబడింది.

"బయటికి పోవే."

"ఎందుకు?"

"కొడుతున్నాను."

"కొట్టు. కాంక్రీటు కలిపింది నేనే కదా. వానకి ఇసుక తడిసిందని ఆఖర్న నీళ్లు తగ్గించి కలిపాను. గట్టిగానే ఉంటుంది."

"ఆఖర్నంటే? వెనక మూల పోసినప్పుడా, ముందా?"

ఆమె పైకి చూసింది. "ఏమోనయ్యా, సరిగ్గా గుర్తులేదు. అయినా నీకు దేవుడి మీద నమ్మకం ఉందిగా. నాకు నువ్వున్నావు. కొట్టు."

మేస్త్రి సుత్తి ఎత్తాడు. ఆమె కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుంది. అచ్చం ఆ రోజు వానలో తను మూసుకున్నట్టే.

చెయ్యి దిగలేదు. తన తల మీదైతే నమ్మకం సరిపోయింది. ఆమె తల మీదికి వచ్చేసరికి చాల్లేదు. సుత్తి మెల్లగా కింద పెట్టాడు.

"ఏమైంది?"

"పద. ఇరవై ఒకటి కూడా చాలదు, ఇంకో పద్నాలుగు రోజులు నీళ్లు కట్టాలి."

ఆదివారం ఆరాధన మందిరం ముందు, వీధిలో, ఆ పట్టా కిందే జరిగింది. పాస్టరు గారు గిద్యోను గురించి చెప్పారు. గొర్రె బొచ్చు పెట్టి ఒకసారి గుర్తు అడిగినవాడు, అది చాలక మళ్లీ అడిగినవాడు. దేవుడు విసుక్కోలేదు, రెండోసారీ చూపించాడు. మేస్త్రి ఆఖరి వరసలో తల వంచుకుని కూర్చున్నాడు. అది తనని ఓదార్చడానికి చెప్పారా, తప్పు పట్టడానికా? తేలలేదు. ఈసారి చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నాడు.

ఇరవై ఎనిమిదో రోజు నడుమ కర్ర కొట్టాడు. భార్య పక్కనే నిలబడింది, పొమ్మన్నా పోలేదు. స్లాబు నిలిచింది. వెనక మూల సుత్తితో తట్టి చూస్తే గట్టిగా ఖంగుమంది.

"చూశావా," అంది ఆమె. "ఆ రోజే కొట్టినా నిలిచేది."

నిలిచేదేమో. ఆగాడు కాబట్టే నిలిచిందేమో. వాన ఆపినవాడే అతని చెయ్యి కూడా ఆపాడేమో, లేకపోతే అది ఉత్త పిరికితనమేమో. మేస్త్రి చాలాసేపు పైకి చూస్తూ ఉండిపోయాడు.

"ఏవయ్యా, మెడ పట్టేస్తుంది. ఆ రెండో కర్ర అందుకో," అంది ఆమె.

అందుకున్నాడు.