ఎల్లస్వామి సారు అలక

మూసేయాల్సిన లిస్టుల పట్టికలో పదిహేడో వరసలో ‘తెలుగు’ అని కనబడగానే సుప్రియ పొయ్యి మీద చారు సంగతి మరిచిపోయింది. ఆ పట్టిక తయారుచేసింది ఆమే. రూలు రాసిందీ ఆమే.

ప్రపంచం నలుమూలలా ఉన్న కొన్ని వేలమంది జీతం లేకుండా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసి అందరికీ ఉచితంగా ఇస్తారు. వాళ్లు మాట్లాడుకునేది మెయిలింగ్ లిస్టుల్లో. లిస్టుకు ఒక ఉత్తరం రాస్తే అందులో పేరున్న అందరికీ చేరుతుంది. అలాంటివి మూడువందల పద్దెనిమిది పోగయ్యాయి. ఎప్పుడో చచ్చినవి, ఒకరే రాసి ఒకరే చదువుకునేవి, ఎందుకు పెట్టారో పెట్టినవాళ్లకే గుర్తులేనివి. వాటిని సర్దే పని కాజీపేట రైల్వే క్వార్టర్లో ఉండే సుప్రియకు అప్పజెప్పారు. పోపులడబ్బా సర్దినట్టే కదా అని ఒప్పుకుంది. వారంలోగా ఐదుగురు సభ్యులు రాయని లిస్టు మూత. నిర్వాహకుల ఉత్తరం లెక్కలోకి రాదు. మంగళవారం ఐస్‌లాండ్ వాళ్లు నలుగురు బతిమాలుకుంటే, ఐదో మనిషేడీ అని అడిగి మరీ మూసేసింది.

ఇప్పుడు తెలుగుకు శుక్రవారం సాయంత్రం ఆరింటిదాకా గడువు. బుధవారానికి ఒక్కరూ రాయలేదు. అరవై ఒక్క పేర్లున్న లిస్టు, దానికి నిర్వాహకురాలు, అంటే మోడరేటర్, సుప్రియే. పదకొండేళ్లుగా ఆ సాఫ్ట్‌వేర్ మెనూలకు తెలుగు మాటలు వెతికింది అందులోనే. బట్టలు ఆరేశావా, పాలు తోడేశావా అని ఎవరూ అడగని చోటు ఆమెకు అదొక్కటే.

నంబర్లు వెతికి పన్నెండుమందికి ఫోన్ చేసింది. అందరిదీ ఒకటే మాట: “ఎల్లస్వామి సారు రాసిండా? సారు రాస్తే మేం రాస్తం మేడం.”

ఎల్లస్వామి మరిపెడలో ఉండే రిటైర్డ్ తెలుగు పండితుడు. ఆయన ఫోన్ ఎత్తలేదు.

“పెండ్లిల పెద్దమనిషి అలిగినట్టున్నది కథ,” అంది అత్త సారమ్మ, మాడిన చారు గిన్నె తోముతూ. “ఏం చేసినవే ఆయన్ని?”

“ఏం చెయ్యలే అత్తమ్మా. రెండేండ్ల కింద ఆయన నడిపే చిన్న లిస్టును పెద్దదాంట్ల కలిపిన. మూడు దినాల్ల ఎవరన్న వద్దంటే చెప్పుండ్రి అని రాసిన. ఎవరూ మాట్లాడలే. అంటే ఒప్పుకున్నట్టే. అది మా పద్ధతి.”

“మాట్లాడకపోతె ఒప్పుకున్నట్టా?” సారమ్మ గిన్నె దించింది. “మీ మామ నలభై ఏండ్లు నాతోని సక్కగ మాట్లాడలే. ఒక్కదానికన్న ఒప్పుకున్నడా?”

సుప్రియ మళ్లీ ఎల్లస్వామి నంబరు కలిపింది. ఎత్తలేదు.

“కార్డు పంపితె సుట్టం రాడు. ఇంటికి పోయి పిలువాలె. చీర మార్చుకో, నేను సుత వస్త. పిలుపుకు ఒక్కదానివి పోతె బాగుండది.”

“ఇది పెండ్లి కాదు అత్తమ్మా, మెయిలు!”

“ఏదైతేంది? అలిగినోడు అలిగినోడే.”

గురువారం తొర్రూరు మీదుగా పోయే బస్సులో ఇద్దరూ మరిపెడ చేరేసరికి పన్నెండు దాటింది. ఎల్లస్వామి వాకిట్లో మడతకుర్చీలో కూర్చుని, వచ్చింది ఎవరో తెలిసీ పేపరు మడవలేదు.

“మోడరేటర్ మేడం గారా? మా ఇంటిని సుత దేంట్లనన్న కలుపుతాన్లా?”

“తప్పయింది సారూ. ఒక్క లైను రాయుండ్రి. ‘ఈ లిస్టు ఉండాలె’ అని. రేపు ఆరింటిలోపల.”

“నన్ను అడిగినవా కలిపేటప్పుడు?”

“మెయిలు పెట్టిన కద సారూ.”

“అరవై మందికి పెట్టినవ్. నాకు పెట్టినవా?”

సారమ్మ అప్పటికే లోపలికి పోయి, ఆయన భార్య పూలమ్మతో వదినా అని వరస కలిపేసి, పీట వాల్చుకుంది. లోపల్నుంచే అరిచింది: “అన్నా, చిన్నపిల్ల, తెలువక చేసింది. జర మన్నించు.” చిన్నపిల్లకు నలభై ఆరేళ్లు.

పూలమ్మ పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర వడ్డించింది. సారమ్మ రెండుసార్లు పెట్టించుకుంది. సుప్రియ గడియారం చూసుకుని, రెండున్నర బస్సు పోతుంది, మంచినీళ్లు చాలంది. పూలమ్మ చెయ్యి కడుక్కుంది. ఎల్లస్వామి మళ్లీ పేపరు తెరిచాడు.

“ఆయన రాయడు,” అంది సారమ్మ తిరుగు బస్సులో. “మెతుకు ముట్టకపోతివి. పని మీదనే వచ్చినవని తెలిసిపాయె.”

శుక్రవారం మూడున్నరకు ఎల్లస్వామి మెయిలు వచ్చింది.

ఏడాదిగా రాయనివాళ్ల మెయిలు ముందు నిర్వాహకురాలి దగ్గర ఆగుతుంది. ఆమె ‘అనుమతించు’ నొక్కితేనే లిస్టుకు పోతుంది, లెక్కలోకి వస్తుంది. సుప్రియ తెరిచి చూసింది. నాలుగు పేజీలు. మొదటి పేజీ నిండా, ఆమె ఆయన నోరులేని లిస్టును పెద్దదాంట్లో ముంచిన విధం. రెండోదీ మూడోదీ ఆమె అనువాదాల్లోని తప్పులు, తేదీలతో సహా. నాలుగోది, ఇంటికొచ్చినవాళ్లలో ఒక్కరూ అన్నం ముట్టలేదని, అలాంటి మనిషి చేతిలో తెలుగు భాషను పెట్టవచ్చునా అని. లిస్టు ఉండాలని ఎక్కడా లేదు.

రూలు మళ్లీ చదివింది. ఐదుగురు రాయాలని ఉంది. మంచి రాయాలని లేదు.

అనుమతించు.

పది నిమిషాల్లో తొర్రూరు నుంచి మహిపాల్ రాశాడు: సారు చెప్పింది నిజం, మేడంకు పొగరు. అనుమతించు. జనగామ నుంచి రాజేశ్వరి: పొగరు సరే, తప్పులు మాత్రం సారువే ఎక్కువ. అనుమతించు. దాని మీద సదానందం ఎగిరాడు. అనుమతించు.

నలుగురయ్యారు. ఐదున్నర. ఐదో మనిషేడీ?

సారమ్మ కూరగాయల కత్తిపీట పక్కన పెట్టి తెర ముందు కూర్చుంది. “ఇగో, వచ్చింది. నిఖిల్ అట. ‘ఈమెను తీసేసి కొత్త మోడరేటర్‌ను పెట్టాలి.’ ఎవడే వీడు?”

“నాలుగేండ్ల కింద నేనే పని నేర్పిన పిల్లగాడు.”

“నొక్కు మరి, ఏం చూస్తానవ్?”

సుప్రియ నొక్కింది. తెలుగు ఎదురుగా ఎర్రగా ఉన్న గుర్తు పచ్చగా మారింది. ఆరింటికి పంతొమ్మిదిమంది అయ్యారు, అందులో పదకొండుమంది ఆమెను తీసేయాలన్నవాళ్లు. నార్వేలో కూర్చుని అన్ని లిస్టులనూ చూసే ఇంగ్రిడ్, ఏదో యంత్రంతో అనువాదం చేయించుకుని చదివినట్టుంది, విడిగా ఒక ముక్క రాసింది: ‘మీ లిస్టు బతికే ఉంది, సంతోషం. మీరు క్షేమమేనా?’

సారమ్మ అప్పటికి నాలుగో పేజీ దగ్గర ఉంది. వేలు తెర మీద పెట్టి అక్షరం అక్షరం చదువుతోంది.

“నా పేరు సుత ఎక్కియ్యి ఇందుల.”

“ఎందుకత్తమ్మా?”

“వచ్చినోళ్లల్ల ఒక్కరూ అన్నం ముట్టలేదని రాసిండు. రెండుసార్లు పెట్టించుకున్న మనిషిని, నేను మనిషిని కానా?”